అమావాస్య ముహూర్తం

పోయిన వారం శ్రీలలితని చోడవరంలో, కృష్ణంరాజు గారి వెల్డింగ్ యార్డు గేటు దగ్గర, భుజాన సంచితో నిలబెట్టి వదిలేశాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్దాం.

శారదా నది సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు మడ అడవి ఉండేది. రొయ్యల చెరువుల మోజులో దాన్ని నరికేశారు. మోజు తీరింది, చెరువులు పాడుబడ్డాయి, అడవి మాత్రం తిరిగి రాలేదు. ఆ అడవిని మళ్లీ పెంచడానికీ, ఆ ఉప్పుటేట్లో చేపా పీతా ఎలా బతుకుతున్నాయో చూడడానికీ నీళ్ల మీద ఒక పరిశోధనశాల కావాలన్నారు శాస్త్రవేత్తలు. దాన్ని గీసిన ఆర్కిటెక్టు శ్రీలలిత. మొత్తం ఆరు ముక్కలు. ఒక్కొక్కటీ చెరకు ట్రాలీ మీద పట్టే కొలత. ముక్కకీ ముక్కకీ మధ్య ఇనుప కీళ్లు. నీరు పొంగితే పొంగినంత లేస్తుంది. తుపానొస్తే విప్పి ఏటి ఎగువకి లాక్కుపోవచ్చు. రేపు ఇంకో రకం ప్రయోగం కావాలంటే ముక్కల్ని అటూ ఇటూ మార్చి కలుపుకోవచ్చు. ఈ పిచ్చి పనికి ట్రాలీలు కట్టే కృష్ణంరాజు గారు తప్ప ఎవరూ ఒప్పుకోలేదు కనక, సముద్రం మీద ఉండాల్సిన ఇల్లు సముద్రం కంటికి ఆనని చోడవరంలో తయారైంది.

పరికరాల కోసం శ్రీలలిత విశాఖపట్నం వెళ్లి వారం రోజులు ఉండిపోయింది. ఆ వారంలో కృష్ణంరాజు గారు ముక్కలన్నీ ఏటి ఒడ్డుకి తోలించి, కలిపించి, దాన్ని నీళ్లలోకి దింపడానికి ముహూర్తం కూడా పెట్టించేశారు. మేడంగారు తిరిగొచ్చి చూసుకుని మురిసిపోతారని ఆయన నమ్మకం. మొదటి బస్సులో దిగిన మేడంగారికి ఖాళీ యార్డూ, అక్కడ వంట చేసే గున్నమ్మా కనిపించారు.

"అందరూ తెల్లారగట్లే ఏటికాడికి ఎల్లిపోనారమ్మా. ఇయ్యేల దశమి కదా, పదిన్నరకి మూర్తం. మీ అన్నయ్యగోరే ఎట్టేరట," అంది గున్నమ్మ.

అక్కడ ఆపాం. ఇక చదవండి.

శ్రీలలిత వేళ్ల మీద తిథులు లెక్కపెట్టుకుంది. పున్నానికీ అమావాస్యకీ ఆ ఏరు గట్టు అంచుదాకా పొంగుతుంది. నవమి, దశమి నాటికి నీరసించిపోయి అడుగునెక్కడో పడి ఉంటుంది. పైగా దశమి నాడు పదిన్నర వేళకి ఆ ఉన్న నీరు కూడా తీస్తూ ఉంటుంది. నీరు ఒడ్డుకి రాకపోతే కృష్ణంరాజు గారు ఊరుకునే మనిషి కాడు. ఇంటినే నీటిదాకా లాగుదామంటాడు. వానాకాలపు పొలాల్లో దిగబడిన ట్రాలీలని లాగించి లాగించి ఆయనకి అదొక విద్య అయిపోయింది. కానీ ట్రాలీకి ఉండేది ఇరుసు, దీనికి ఉన్నవి కీళ్లు. నీళ్లు మోయాల్సిన బరువుని బురద మీద ఈడిస్తే అవి ఒకదాని వెంట ఒకటి విరిగిపోతాయి.

ఢిల్లీ నుంచి పెద్దల బృందం వచ్చేది శివరాత్రి వెళ్లాక, అమావాస్య మర్నాడు, పాడ్యమి పొద్దున. వాళ్లు చూసేసరికి ఇల్లు నీళ్ల మీద ఉంటే పథకం ఇక్కడ నిలుస్తుంది. లేకపోతే వేరే తీరానికి పోతుంది, గట్టు మీద పెంచిన మడ మొక్కలు నాటే దిక్కు లేక ఎండిపోతాయి. శ్రీలలితకి ముప్పయ్యారేళ్లు. ఇన్నేళ్లలో ఆమె గీసినవాటిల్లో కాగితం దాటి బయటికి వచ్చి మిగిలింది ఇదొక్కటే.

ఏటి దగ్గర ఫోన్లు పనిచేయవు. సరాసరి ఏటికి పరిగెడదామా అనుకుంది. వెళ్లి ఏం చెయ్యాలి? కృష్ణంరాజు గారు ఆమె మాటకి విలువిస్తాడు. ఇనుము విషయంలో, కొలతల విషయంలో. ముహూర్తం విషయంలో ఆమె చెబితే నవ్వి, "మీకు వీటి మీద నమ్మకం లేదు కదండీ మేడంగారూ," అని పని కానిస్తాడు. పెట్టిన మనిషే వచ్చి ఆపాలి.

పెట్టిన మనిషి రెండు వీధుల అవతల ఉన్నాడు.

అద్దె జీపు నడిపే సత్యారావుని మాట్లాడుకుని, ఇంజను ఆపొద్దని చెప్పి, అన్నగారు వేంకటరమణమూర్తి సిద్ధాంతి గారి వీధి మొగలో దిగింది. ఎనిమిది నెలలుగా ఈ ఊళ్లో ఉంటూ ఈ వీధి తప్పించుకోవడానికి ఆమె చుట్టుతిరిగి నడిచింది. ఎరువుల కొట్టు మీద అద్దె గది. ఒక మనిషికి సరిపడా బియ్యం, ఒక మనిషికి సరిపడా పప్పు. యార్డులో అందరికీ మేడంగారు, కొట్లో అమ్మగారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేక తన పేరు తనకే కొత్తగా ఉండేది. సాయంత్రాలు గాలి అటు నుంచి ఇటు తిరిగితే అన్నగారు ఎవరికో జాతకం చెబుతున్న గొంతు లీలగా వినిపించేది. మాటలు తెలిసేవి కావు. గొంతు తెలిసేది. ఆమె కిటికీ మూసుకోవాలని లేచేది, మూసుకునేది కాదు.

ఇంత పౌరుషం దేనికమ్మా అని మీరు అడగొచ్చు. అడిగినవాళ్లకి చెప్పాలి కదా. పదకొండేళ్ల కిందట చదువు పూర్తయిన కొత్తలో ఆమె అన్నగారి ఇల్లు బాగుచేయించింది. సముద్రపు గాలి దక్షిణం నుంచి వస్తుంది, అటు ఒక గుమ్మం పెడదామంది. ఊరందరికీ వాస్తు చెప్పే మనిషి, తండ్రిలా పెంచిన చెల్లెలి ముచ్చట కాదనలేక సరేనన్నాడు. ఆ ఏడే వదినకి నెలలు నిండిన బిడ్డ పోయాడు. ఆ గుమ్మమే తినేసిందన్నారు జనం. శ్రీలలిత హైదరాబాదు వెళ్లి వచ్చేసరికి గుమ్మం లేదు, ఆ చోట ఇటుక గోడ ఉంది. "బిడ్డని నేనే చంపేనని ఊరికి చాటింపు వేసేవు కదా అన్నయ్యా," అంది. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆయన కాదననందుకే ఆమె బస్సెక్కింది, మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

తలుపు వదిన లక్ష్మీసుందరి తీసింది. చేతిలో మరచెంబు. కళ్లజోడు సవరించుకుని చూసి, "లలితా?" అంది. తర్వాత ఏమనాలో తెలియక, "జుట్టు అలా అయిపోయిందేవిటమ్మా," అంది.

ఆ ఒక్క మాటకి శ్రీలలితకి ఏడుపొచ్చింది. ఏడవడానికి వేళ కాదు కనక గుమ్మం దగ్గరే నిలబడి, "అన్నయ్య ఉన్నాడా వదినా?" అంది.

సిద్ధాంతి గారు పెరట్లో అరటి చెట్లకి నీళ్లు పోస్తున్నారు. చెల్లెల్ని చూసి బకెట్ కింద పెట్టారు. తడి చేతులు పంచెకి తుడుచుకున్నారు. ఆయన జుట్టు కూడా నెరిసిపోయింది, వీపు కాస్త ఒంగింది. అన్నగారిని కలిస్తే ఏమనాలో శ్రీలలిత బస్సుల్లో కూర్చుని ఎన్నోసార్లు తయారు చేసుకుంది. తీరా నోట్లోంచి వచ్చింది వేరే.

"దశమికి ముహూర్తం పెట్టింది నువ్వేనా అన్నయ్యా?"

"ముందు లోపలికి రా."

"లోపలికి వచ్చే టైం లేదు. దశమి నాడు ఏట్లో నీళ్లుండవు. అష్టమి దాటితే పోటు పడిపోతుంది. అమావాస్య నాడైతే పొద్దున్న పూటే నిండుగా వస్తుంది, ఇంటి కిందకి నీరు చేరి దానంతట అదే లేస్తుంది, ఒక్కడు చెయ్యి వెయ్యక్కర్లేదు. దశమి నాడు లాగేరంటే..."

"చంద్రుడు ఏ రోజు ఎక్కడుంటాడో లెక్కలు వేసుకు బతికేవాణ్ణి. దశమి నాడు నీరు పొంగదని నాకు చెప్తన్నావా?" అన్నారాయన.

శ్రీలలిత ఒక అడుగు ముందుకి వేసింది. "తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే పెట్టేవా?"

"తెలిసే పెట్టేను."

వదిన వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. బయట సత్యారావు జీపు గుర్రుగుర్రుమంటోంది. శ్రీలలితకి ఒళ్లంతా వేడెక్కింది. కోపం ఇంత సుఖంగా ఉంటుందని ఆమెకి గుర్తులేదు. ఎనిమిది నెలలు ఒంటరిగా తిన్న అన్నమంతా ఆ కోపంలోకి వచ్చేసింది.

"అంటే గుమ్మానికి బాకీ తీర్చుకున్నావన్న మాట. బాగుంది. ఒక్కటి కట్టేను, దానికి గోడ పెట్టేరు. ఇది రెండోది. దీన్ని మంత్రాలు చదివి బురదలో పూడ్చేస్తన్నావు. ఇంతకంటే నన్ను నాలుగు తిట్టొచ్చు కదా!"

ఊళ్లో ఎంత పెద్ద రైతు ముందైనా తడుముకోని మనిషి, చెల్లెలి ముందు బకెట్ వైపు చూస్తూ నిలబడ్డారు. మళ్లీ అదే మౌనం. శ్రీలలిత వెనక్కి తిరగబోయింది.

"ఆగవే," అంది వదిన. ఆ గొంతులో విసుగు ఇద్దరి మీదా ఉంది. "ఆయన చెప్పరు, నేను చెప్తాను. రాజుగారు ముహూర్తానికి వచ్చినప్పుడు ఈయన దశమి అని చెప్పి ఏవన్నారో తెలుసా? 'ఆ కట్టినావిడకి ఒకసారి చెప్పండి. ఆవిడకి పనికిరాదంటే నా దగ్గరికి రమ్మనండి, మారుస్తాను' అన్నారు. నేనిక్కడే ఉన్నాను. ఆ రాజుగారు ఆయ్ అని తలూపి వెళ్లేడు. నువ్వు ఊళ్లో లేవని మాకేం తెలుసు? ఈయన వారం రోజులై సాయంత్రం అయ్యేసరికి అరుగు మీద కూర్చుంటన్నారు. పాలబ్బాయి చేత అరలీటరు ఎక్కువ పోయిస్తన్నారు. ఎందుకండీ ఇన్ని పాలు అంటే, ఎవరైనా కాఫీకి రావొచ్చు కదే అంటారు. ఎవరొస్తారు మనింటికి?"

శ్రీలలిత అన్నగారి వంక చూసింది.

"నన్ను రప్పించడానికా?"

"నీళ్ల సంగతి నీకు తెలుసు. తప్పని తెలిసేక ఊరుకోవు. దెబ్బలాటకి వస్తావు. దెబ్బలాటకైనా వస్తావు కదా అనుకున్నాను," అన్నారాయన. "నువ్వు అటు చుట్టు తిరిగి పోతూంటే ఎన్నోసార్లు చూసేను."

"పిలిస్తే రానా అన్నయ్యా?"

"పిలిస్తే వస్తావా?"

నిజం చెప్పాలంటే రాదు. పిలిచి ఉంటే ఇంకో నాలుగు నెలలు ఆ పిలుపుని మోస్తూ తిరిగి, రాకుండానే వెళ్లిపోయేది. తోడబుట్టినవాడికి ఆమె సంగతి ఆమెకంటే బాగా తెలుసు. రెండు వీధుల దూరంలో రెండు ఒంటరి కొంపలు, రెండిటికీ కావలసినంత బింకం. ఎవరిని చూసి జాలిపడాలో నాకూ తెలియడం లేదు.

"సరే, వచ్చేను," అంది శ్రీలలిత. "ఇప్పుడు నువ్వు రా. నువ్వొచ్చి చెబితేగాని రాజుగారు ఆపరు. అమావాస్యకి మార్చేనని అందరి ముందూ చెప్పు."

సిద్ధాంతి గారి మొహం మారిపోయింది. "నాలుగు రోజుల ముందైతే నాలుగు గోడల మధ్య మార్చేసేవాణ్ణి. ఇవాళ జనం పోగయ్యేక, మేళం వచ్చేక, నేను పెట్టిన ముహూర్తం తప్పని నా నోటితో చెప్పమంటన్నావు. పైగా అమావాస్య! బుచ్చయ్యపేట నుంచి కె.కోటపాడు దాకా పెళ్లి అంటే నా గుమ్మం తొక్కుతారు. రేపు ఒక్క ఆడపిల్ల తండ్రి వస్తాడా? అమావాస్యకి పెట్టిన సిద్ధాంతి అని పిల్లలు వీధిలో వెక్కిరిస్తారు."

"వెక్కిరిస్తారు," అంది ఆమె. అబద్ధం చెప్పి ఊరడించడం ఆమెకి చేతకాదు. "నీ పేరు పోతుంది. రాకపోతే నా ఇల్లు పోతుంది. నేను చెప్పగలిగింది ఇంతే. నాకింకేవీ లేదు అన్నయ్యా."

ఆయన మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. గది తలుపు మూసుకున్న చప్పుడైంది. శ్రీలలిత ఒక్క క్షణం ఆ తలుపు చూసి, వదినకి ఏమీ చెప్పకుండా వీధిలోకి నడిచింది. ఏడవకూడదని గట్టిగా అనుకుంది గాని, ఎదురుగా ఉన్న జీపు నీళ్లలోంచి చూసినట్టు కదిలింది. సత్యారావు మర్యాదగా అటు తిరిగి కూర్చున్నాడు.

"పోనీయమంటారా మేడం?"

"పోనీ," అంటూ ఆమె ఎక్కబోతుంటే, "ముందు సీటు నాకు వదులు. వెనక కూర్చుంటే నాకు తల తిరుగుతుంది," అన్న గొంతు వినిపించింది. సిద్ధాంతి గారు ఉతికిన పంచె కట్టుకుని, జరీ కండువా వేసుకుని, నుదుట బొట్టు దిద్దుకుని వస్తున్నారు. పరువు పోగొట్టుకోవడానికైనా ఆయన పద్ధతిగానే బయల్దేరారు. వదిన గుమ్మంలో నిలబడి, "సాయంత్రం ఇద్దరూ ఇటే రండి," అని కేకేసింది.

ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్లు ఊరు దాటేదాకా దారివ్వలేదు. సత్యారావు హారను మీద చెయ్యి తియ్యలేదు. అనకాపల్లి దాటాక ఆయన ముందుకే చూస్తూ అడిగారు.

"తుపానొస్తే ఏం చేస్తారు దాన్ని?"

"విప్పి ఏటి ఎగువకి లాక్కుపోతాం."

"ఇంటినే?"

"ఇంటినే."

"దానికి సింహద్వారం ఎటు?"

"ఒక్క లంగరు గొలుసు మీద ఉంటుంది అన్నయ్యా. పోటు వస్తే ఇటు తిరుగుతుంది, నీరు తీస్తే అటు తిరుగుతుంది. పొద్దున్న తూర్పు గుమ్మం సాయంత్రానికి పడమర అయిపోతుంది."

సిద్ధాంతి గారు కండువా సర్దుకున్నారు. "అయితే వాస్తు చెప్పేవాడికి అక్కడ పని లేదు," అని, ఉన్నట్టుండి నవ్వారు. శ్రీలలిత కూడా నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకి తెలియలేదు. ఏమైనా సరే, ఆ ఇల్లు నిలబడ్డాక మొదట ఈయన్నే ఎక్కించి నాలుగు దిక్కులూ తిప్పి చూపించాలనుకుంది. అలా అనుకోవడానికి ఒక మనిషి ఉండడమే ఆమెకి హాయిగా ఉంది.

ఏటి గట్టు చేరేసరికి మేళం వినిపిస్తోంది. జీపు గట్టు మీద ఆగింది. అక్కడి నుంచి కిందకి బండి దిగదు.

శ్రీలలిత భయపడినట్టే ఉంది. ఏరు ఎక్కడో దూరంగా సన్నగా పారుతోంది. ఒడ్డు నుంచి నీటిదాకా అంతా నల్లటి బురద. ఆ బురద మీద తాటి దుంగలు పరిచి, మామిడి తోరణాలు కట్టిన ఆమె ఇంటిని అప్పటికే సగం దూరం లాగేశారు. ముందు ముక్క నీళ్ల వైపు కిందకి వంగింది. వెనక ముక్కలు బురదలో కూరుకుపోయాయి. నడుమ కీళ్ల దగ్గర ఇల్లు వంకర తిరిగి ఉంది. కీళ్లు విరగడానికి ఇంకొక్క లాగుడు చాలు. తాడు పట్టుకుని ముప్పై నలభై మంది సిద్ధంగా నిలబడి, పట్టు పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టిన కృష్ణంరాజు గారి వంక చూస్తున్నారు. ఆయన గడియారం వంక చూస్తున్నాడు. ముహూర్తం కోసం ఆగారు. దేవుడు చల్లగా చూశాడు, ఆ ఆఖరి లాగుడు ఇంకా కాలేదు.

"ఆపండి!" అని అరుస్తూ శ్రీలలిత గట్టు దిగి పరిగెత్తింది. పది అడుగులు వెయ్యకుండానే బురద మోకాళ్లదాకా మింగింది. సన్నాయి, డోలు హోరులో ఆమె అరుపు ఆమెకే వినిపించలేదు.

గట్టు మీద సిద్ధాంతి గారు కూడా అరిచారు. ఆయన గొంతు అక్కడిదాకా చేరలేదు. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ అరిచారు. లాభం లేకపోయింది. ఎవరో ఇటు తిరిగి చూసి కృష్ణంరాజు గారికి చూపించారు. ఆయన మొహం వెలిగిపోయింది. వంగి దణ్ణం పెట్టాడు. అందరూ చూస్తున్నారు కదా, ఇదే సమయమని సిద్ధాంతి గారు ఆగమన్నట్టు కుడి చెయ్యి తలపైకి ఎత్తారు.

పీటల మీద తాళి కట్టే వేళ సిద్ధాంతి గారి చెయ్యి పైకి లేస్తే ఏం చెయ్యాలో ఈ ప్రాంతంలో మేళగాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. డోలు ఒక్కసారిగా ఉరిమింది. సన్నాయిలు రెండూ ఆకాశానికి లేచాయి. గట్టిమేళం.

"సిద్ధాంతిగారే స్వయంగా వచ్చి చెయ్యెత్తేరు! ఇంకేటి సూస్తన్నారు, లాగండ్రా!" అన్నాడు కృష్ణంరాజు గారు.

తాడు బిగిసింది. బురదలో నిలబడిపోయిన శ్రీలలిత, ఆ గట్టిమేళం ఎవరు వేయించారో తెలియక వెనక్కి తిరిగి చూసింది. గట్టు మీద అన్నయ్య జరీ కండువాతో నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి ఇంకా పైకి లేచే ఉంది.